సమన్వయము – సంవాదము: జనగామ, మానుకోట, కాళేశ్వర సీమల సాహిత్యముపై ఒక పరామర్శ

మన సాహిత్యవిమర్శలో మిక్కిలి సులభముగా వాడబడుచున్న మాటలలో ‘సమన్వయము’ ఒకటి. హరిహరులను ఒక్క పద్యమున స్తుతించిన కవి సమన్వయకర్త. రెండు భాషలు నేర్చిన పండితుడు సమన్వయకర్త. పీర్ల పండుగకు డప్పు కొట్టిన పల్లెవాడును సమన్వయకర్తయే. ఇన్నింటికి వర్తించు మాట దేనిని గూడ తేటపరుపజాలదు. ఒక మతమువాడు వేరొక మతమును గూర్చి నాలుగు మంచిమాటలు పలికినంతనే విమర్శకుడు తన పని ముగిసినదని కలము దించుచున్నాడు. ఆ మాట ఎవరితో పలికినది, ఏ భాషలో పలికినది, పలికినందుకు వక్త చెల్లించిన మూల్యమేమి అను ప్రశ్నలు అట్లే మిగిలిపోవుచున్నవి.

ఈ వ్యాసమున ఆ ప్రశ్నలను ఒక చిన్న భూభాగమునకు పరిమితము చేసి విచారింపదలచితిని. జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అను మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. పాలకుర్తి, బమ్మెర గ్రామములు మొదటి జిల్లాలోనివి. దాశరథి కృష్ణమాచార్యుల జన్మస్థలమగు చినగూడూరు రెండవదానిలోనిది. పత్రికారచయిత షోయబుల్లా ఖాన్ పుట్టిన సుబ్రవేడును ఆ మానుకోట ప్రాంతమునకు చెందినదే. గోదావరీ ప్రాణహితల సంగమమున వెలసిన కాళేశ్వరము మూడవ జిల్లాలోనిది. జిల్లాల పేర్లు క్రొత్తవే కాని యీ నేలపై మతములు, భాషలు ఎదురుపడుట క్రొత్త కాదు. సోమనాథుడు, పోతన, షోయబుల్లా ఖాన్, దాశరథి ఆ యెదురుపాటును నాలుగు విధములుగ ఎదుర్కొనిరి.

ముందుగా రెండు పదములకు అర్థము నిర్ణయించుకొందము. పరుని మతమునకు తన మతపు చట్రములోనే ఒక చోటు కల్పించి ఇముడ్చుకొనుట సమన్వయము. పరుడు పరుడుగనే నిలిచియుండగా వాని మాట వినుట, విని తన యింటిని చక్కదిద్దుకొనుట సంవాదము. సమన్వయమునకు పరమతప్రశంస చాలును. సంవాదమునకు స్వపక్షవిమర్శ కావలెను. ఇది నా ప్రతిపాదన. దీనిని గ్రంథములయందును, గ్రంథకర్తల జీవితములయందును పరీక్షింపవలసియున్నది.

పాలకుర్తి సోమనాథుడు

సోమనాథుని కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. మొదటి ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు, రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు వాదించిరి. ఆ చర్చ ఇట అప్రస్తుతము. ఆతడు కన్నడదేశపు బసవేశ్వరుని చరితమును తెలుగు ద్విపదలో పురాణముగ రచించెననుటయు, దానిని భీమకవి 1369లో కన్నడమునకు కొనిపోయెననుటయు ప్రకృతమునకు ముఖ్యములు. కల్యాణమున కన్నడము పలికిన భక్తుని కథ తెలుగున పురాణమై, పిదప తన యింటి భాషకు తిరిగి చేరినది. భాషల పొలిమేరను ఇంత చనువుగ దాటి వచ్చిన గ్రంథములు మన ప్రాచీన వాఙ్మయమున అరుదు.

సోమన దాటిన పొలిమేర భాష ఒక్కటియే కాదు. మాదర చెన్నయ్య, మడివాలు మాచయ్య మున్నగు భక్తులు, కులముచే తక్కువగ ఎంచబడినవారు, ఆతని కావ్యమున వేదవేత్తలకంటె ఎత్తయిన పీఠముపై కూర్చుందురు. పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమేగు సామాన్యజనుల తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు మున్నగువానిని పేర్కొని, మార్గకవులు చెవియొగ్గని పాటలకు సోమన గ్రంథస్థగౌరవము కల్పించెను. కనుక ఆతనిని సమతావాదియనుట సత్యమే.

అయినను అది సగము సత్యము. అదే బసవపురాణమున ఏకాంతరామయ్య కథ కలదు. ఆ భక్తుడు జైనులతో పందెము వేసి, తన శిరస్సును తానే ఖండించుకొని, శివానుగ్రహమున దానిని మరల పొంది, గెలుపునకు ఫలముగ జినబింబమును కూలద్రోయును. పండితారాధ్యచరిత్రలోని బౌద్ధులతోడి వాదము వాదముగ ముగియదు, రక్తపాతమున ముగియును. శివభక్తుడు కానివాడు ‘భవి’యనియు, వానితోడి సంసర్గమే దోషమనియు ఆ కావ్యములందు పెక్కుచోట్ల వినబడును. జైనుడు సోమనకు దూరదేశపు ఊహ కాడు. నేటి జనగామ జిల్లా సరిహద్దుకు దాపుననే యున్న కొలనుపాక జైనులకును వీరశైవులకును పుణ్యక్షేత్రమే. అట్టి ఇరుగుపొరుగువానిని సోమన తన కావ్యసభకు పిలిచినది వాని మాట వినుటకు కాదు, వానిని ఓడించుటకు.

సోమన సంస్కారమున ఒక లోతైన వైరుధ్యము ఇమిడియున్నది. లోపలి తలుపులన్నింటిని ఆతడు తెరచెను. వీధితలుపును మాత్రము గట్టిగ మూసెను. తన మతములోని కులభేదమును నిర్భయముగ ఖండించిన కలమే పరమతమువానికి మనుష్యత్వమును నిరాకరించినది. స్వపక్షవిమర్శ ఉన్నంతమాత్రమున సంవాదము సిద్ధింపదనుటకు సోమన నిదర్శనము. తన యింటిని చక్కదిద్దుట పొరుగింటిపై దండు వెడలుటకు బలము కూర్చుకొనుటయు కావచ్చును. కనుక పై నిర్వచనమున ‘పరుని మాట వినుట’ అను మొదటి భాగము తప్పనిసరి.

ఈ వ్యాసకర్తయు పెక్కేండ్లు తరగతిలో మాదర చెన్నయ్య కథను ఉత్సాహముతో బోధించి, ఏకాంతరామయ్య కథను సమయము చాలదను నెపమున దాటవేసినవాడే. ఒకనాడు ఒక విద్యార్థి ఆ కథను తానే చదివివచ్చి, “ఇది మీరేల చెప్పలేదండీ?” అని అడిగెను. నాకు సమాధానము దొరకలేదు. ఆ కథను దాచుట సోమనకు గౌరవమని నేను భావించితిని. నిజమునకు అది విద్యార్థిపై అవిశ్వాసము. దాచిన కథ ఎప్పుడో ఒకప్పుడు వేరొకరి చేతిలో కఱ్ఱయై బయటపడును. దానిని తరగతిలోనే విప్పి, ఆ కాలపు రాజకీయములను, మఠముల పోటీలను, దానములకొరకు జరిగిన సంఘర్షణలను చూపి చదివించుటయే క్షేమము.

ఈ విషయమున మనకు మార్గదర్శకులు లేకపోలేదు. బసవపురాణమును 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమగు పీఠికతో ప్రకటించిరి. పండితారాధ్యచరిత్రను 1939లో చిలుకూరి నారాయణరావుగారు పరిష్కరించిరి. ఈ నారాయణరావుగారే అంతకుముందు ఖురానును మొట్టమొదట సంపూర్ణముగ తెలుగున కనువదించిన పండితులు. పరమతఖండనము నిండిన శైవగ్రంథమును ఒక చేతను, తనది కాని మతపు పవిత్రగ్రంథమును వేరొక చేతను పట్టి, రెంటిని భాషాశాస్త్రజ్ఞుని నిష్ఠతో పరిశీలించిరి. ఒకదాని వాడిని తగ్గింపలేదు. రెండవదానిని తన మతములోనికి లాగుకొనలేదు. పరిశోధకుని సంవాదము ఇట్లుండును. ఆ గ్రంథములు రెండును ఒకే మనుజుని బల్లపై నిలిచినవను సంగతిని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

బమ్మెర పోతన

పాలకుర్తికి కొలది దూరముననే బమ్మెర కలదు. పోతన నివాసమును గూర్చిన ఏకశిలానగర – ఒంటిమిట్ట వివాదము విద్యార్థులెరిగినదే. దానిని తిరుగదోడక, బమ్మెరను ఆ కవి యింటిపేరు నిలిపిన గ్రామముగ గ్రహించి ముందునకు సాగుదము. సోమనకును పోతనకును నడుమ 1323లో కాకతీయరాజ్యము కూలినది. వీరశైవోద్యమపు వేడి చల్లారినది. పోతన పుట్టిన వాతావరణమున శివభక్తి యుద్ధఘోష కాదు, ఇంటి ఆచారము.

భాగవతావతారికలో ఆతడు చెప్పుకొన్న సన్నివేశము సుప్రసిద్ధము. చంద్రగ్రహణదినమున గంగాస్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరాముడు సాక్షాత్కరించి భాగవతమును తెనిగింపుమనెను. ధ్యానింపబడినవాడొకడు, దర్శనమిచ్చినవాడు వేరొకడు. తన ధ్యానము భంగమైనదని పోతన వగవలేదు. రాముడు పిలిచెనని శివుని విడువనులేదు. సోమన కావ్యలోకమున ఇట్టి సన్నివేశము సంభవింపనేరదు. తాను పిలువని దైవము ఎదుట నిలిచినపుడు కన్నులు మూసికొనక, ఆ మాట విని, ఆయుష్షులో పెద్దభాగమును ఆ పనికి సమర్పించుట పోతనలోని అపూర్వగుణము.

అవతారికయందే మనుష్యజన్మము సార్థకమగు తెరంగును చెప్పిన పద్యమొకటి కలదు. చేతులు శివపూజకును, నోరు హరికీర్తనమునకును, తలపు దయాసత్యములకును వినియోగింపవలెనని దాని భావము. మనము తరచు మొదటి రెంటినే చెప్పి, హరిహరాభేదమునకు ప్రమాణము దొరికినదని తృప్తిపడుదుము. మూడవదానిని విడుచుట పోతనకు అన్యాయము. చేతులకును నోటికిని దైవములను పంచియిచ్చిన కవి తలపును మాత్రము ఏ దైవమునకును ఇయ్యలేదు. దయకును సత్యమునకును ఇచ్చెను. దయ ఎదుటివానికొరకు, సత్యము తనకొరకు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినను మతములను గూర్చిన మంచిమాట పైపూత యగును.

అయినను పోతన సమన్వయమునకు ఒక ఎల్ల కలదు. హరిహరులిరువురును ఒకే యింటిలోని పెద్దలు. వారిని కూర్చుట కష్టమే కాని, ఇంటి వెలుపలివాని సంగతి వచ్చినపుడు పురాణపద్ధతి వేరగును. సంస్కృతభాగవతపు పంచమస్కంధమున ఋషభుడు విష్ణువు అవతారముగ గౌరవింపబడును. ఆతని నడవడిని అనుకరించి అర్హతుడను రాజు పాషండమార్గమును ప్రవర్తింపజేయునని వెంటనే చెప్పబడును. జైనుల ఆదితీర్థంకరుడు మనవాడు, జైనులు మాత్రము పాషండులు! గురువును లోనికి తోడ్కొని, శిష్యులను వాకిట నిలిపిన యీ విధానము సమన్వయమున దాగియుండు అహంకారమునకు ఉత్తమోదాహరణము. తెలుగున పంచమస్కంధకర్త బొప్పరాజు గంగన కనుక ఈ దోషమును పోతనపై మోపరాదు. కాని ‘భాగవతము సర్వమతసమన్వయగ్రంథము’ అని ఉపన్యసించునపుడు, ఆ వాకిట నిలిచినవాని ముఖమును ఒకమారు చూడవలెనని మాత్రము నా మనవి.

రెండు పేర్ల ఊరు

పోతన కాలమునుండి షోయబుల్లా ఖాన్ కాలమునకు వచ్చుట పెద్ద దాటు. నడుమ కుతుబ్‌షాహీల, ఆసఫ్‌జాహీల ప్రభుత్వములు నడచినవి. ఉర్దూ రాజ్యభాషయైనది. మానుకోటకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేర మహబూబాబాదు అను నామము కలిగినది. ప్రజల నోట మానుకోట మానుకోటగనే మిగిలినది. ఒక ఊరికి ప్రభువుల పేరొకటి, ప్రజల పేరొకటి. మతసంబంధములు గూడ ఇట్లే రెండంతస్తుల నడచినవి. క్రింది అంతస్తున పీర్ల పండుగకు హిందువులు మ్రొక్కులు చెల్లించిరి, గుండము చుట్టు ఆడిరి, హసన్ హుసేనుల కథను తెలుగున పాడిరి. పై అంతస్తున మతము రాజ్యాధికారముతో ముడిపడినది. క్రింది స్నేహము అలవాటుగ ఉన్నంతకాలము దానిని పరీక్షించిన వారు లేరు. పరీక్ష నిజాము రాజ్యపు చివరి దశాబ్దమున వచ్చినది.

ఆ దశాబ్దపు తొలినాళ్లలో, దేవరుప్పుల ప్రాంతమున షేక్ బందగీ అను రైతు విసునూరు దేశ్‌ముఖుపై భూమికొరకు న్యాయస్థానమున పోరాడి, హత్యకు గురియయ్యెను. ఆతడు ముస్లిము, దేశ్‌ముఖు హిందువు. అయినను ఆ పోరు మతముల పోరుగ ప్రజలకు తోచలేదు. రైతులు బందగీని తమవానిగ తలచిరి. ఆతని సమాధి వారికి పూజ్యస్థానమైనది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన ‘మా భూమి’ నాటకమునకు ఈ ఉదంతము ప్రేరకము. ప్రజానాట్యమండలి దానిని ఊరూర ప్రదర్శించినది. ఇచ్చట ఎవరును ఎవరి మతమును పొగడలేదు. కష్టమొక్కటియగుటచే వేరు మతమువాని శోకము తన శోకమైనది. సంవాదమునకు ఇది పునాది. కాని పునాది ఇల్లు కాదు. కష్టము తీరిన పిదప, లేదా అధికారము చేతులు మారిన పిదప, ఆ బంధము నిలుచునా అను ప్రశ్న మిగిలియేయున్నది.

షోయబుల్లా ఖాన్

ఆ ప్రశ్నకు మానుకోట సీమ బిడ్డ ఒకడు తన ప్రాణముతో సమాధానము చెప్పెను. షోయబుల్లా ఖాన్ 1920లో సుబ్రవేడున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ప్రభుత్వోద్యోగమునకు పోక, ఉర్దూ పత్రికారచనను చేపట్టెను. ‘తేజ్’ పత్రికలోను, మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’ పత్రికలోను పనిచేసెను. అవి ప్రభుత్వపు ఆగ్రహమునకు గురియైన పిదప, 1947 నవంబరున ‘ఇమ్రోజ్’ అను పత్రికను తానే స్థాపించెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెననియు, రజాకార్ల దౌర్జన్యములు ముస్లిములకే తీరని కీడు చేయుననియు వ్రాసెను. ఇట్లే భావించిన ఏడుగురు ముస్లిము ప్రముఖుల ప్రకటనకు తన పత్రికలో స్థానమిచ్చెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి హైదరాబాదున కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా దుండగులు ఆతనిపైబడి కాల్చి, చేయి నరికిరి. ఆతడు మరునాటి ఉదయమునకు మరణించెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

ఈ చరిత్ర తెలిసినదే. విమర్శకుడు గమనింపవలసినది వేరొకటి కలదు. షోయబుల్లా ఖాన్ హిందువులకొరకు తెలుగున వ్రాసినవాడు కాడు. తన మతమువారికొరకు, వారు చదువు ఉర్దూలో వ్రాసెను. పరులకు నచ్చు మాటను పరులతో చెప్పుట సులభము; చప్పట్లు దొరకును. తనవారికి నచ్చని మాటను తనవారి భాషలో, తనవారి వీధిలో నిలిచి చెప్పుట కఠినము. ఇస్లామును నిందింపక, ముస్లిములను విడువక, అధికారమును మతమునుండి వేరుచేసి చూపుట ఆతని రచనలోని ప్రధానకార్యము. పైన చెప్పిన రెండు అంగములును ఇట కలిసినవి: పొరుగువాని బాధను వినుట, స్వపక్షమును సవరింపజూచుట. సోమనలో మొదటిది లేదు. పోతనలో రెండవది ఎదురుపడు సందర్భమే రాలేదు.

దాశరథి

ఆ రోజులలోనే, అదే సీమకు చెందిన మరియొక యువకుడు నిజాము చెరలో నుండెను. దాశరథి కృష్ణమాచార్యులు 1925లో చినగూడూరున వైష్ణవకుటుంబమున జన్మించిరి. నిజాము నిరంకుశత్వమును ఎదిరించి నిజామాబాదు కారాగారమున బంధింపబడి, అచ్చటి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరనుట సుప్రసిద్ధము. ‘అగ్నిధార’ 1949లో వెలువడినది. అట్టివారు, చెర విడిచిన పిదప పండ్రెండేండ్లు దాటి, 1961లో ‘గాలిబ్ గీతాలు’ ప్రకటించిరి. తమ్మును బంధించిన ప్రభుత్వపు రాజభాషలోని మహాకవిని తమ భాషలోనికి అతిథిగ తోడ్కొనివచ్చిరి.

షోయబుల్లా ఖాన్ అధికారమును మతమునుండి విడదీసెను. దాశరథి అధికారమును భాషనుండి విడదీసిరి. రాజు భాష రాజుదే యని నమ్మినవాడు రాజు పోగానే ఆ భాషను ద్వేషించును. ఉర్దూ నిజామునది కాదు, గాలిబునది, మీరుది, హైదరాబాదు వీధులలోని సామాన్యునిది యని దాశరథి గుర్తించిరి. ఈ వివేకము అనువాదమునకు ముందుండు అనువాదము. అది లేనిదే పదములు మారును గాని మనస్సు మారదు.

శిల్పదృష్టితో జూచినను ఇది సామాన్యమగు పని కాదు. గజలులోని షేరు రెండు పాదములలో తనకు తాను పూర్ణమైన కవిత. దాని బిగువును తెలుగు మాత్రాచ్ఛందమున చిన్న చిన్న పాదములుగ విరిచి దాశరథి నిలిపిరి. ఫారసీ సమాసముల గాంభీర్యము కొంత పోయినది. బదులుగ తెలుగు నుడి తేలికదనము వచ్చినది. మద్యము, మధుశాల, మసీదు, మతబోధకుడు మున్నగు సంకేతములు తెలుగు చదువరికి సహజముగ వినబడునట్లు చేయుటయందే ఆయన నేర్పు కలదు.

అయితే ఇచట ఒక చిక్కు పుట్టుచున్నది. గాలిబు తన మతపు బోధకుని డాంబికమును పరిహసించెను. తన భక్తిలోని లోపమును తానే నవ్వుకొనెను. ఉర్దూలో అది స్వపక్షవిమర్శ. అదే షేరు తెలుగున చదివిన హిందువు చేతిలో అది పరపక్షపరిహాసముగ మారు ప్రమాదము కలదు. “చూచితిరా, వారి కవియే వారి బోధకుని ఎట్లు వెక్కిరించెనో!” అని ఆనందించు చదువరి గాలిబును వినలేదు, తన ద్వేషమునకు సాక్షిని సంపాదించుకొనెను. దాశరథి ఈ ప్రమాదమునకు లోనుకాలేదు. కారణము, వారి స్వీయకవిత్వమున తమ సంఘములోని అన్యాయములపైనను అంతే వాడియగు విమర్శ కలదు. ఇతరుల యింటి అద్దమును తెచ్చినవాడు ముందు తన ముఖమును అందు చూచుకొనెను.

ఈ చిక్కే షోయబుల్లా ఖాన్ స్మరణకును వర్తించును. ఆతని బలిదానమును ఆతని మతమువారిపై నేరారోపణగ వాడుకొనువారు కలరు. అది ఆతనిని రెండవమారు చంపుట. స్వపక్షవిమర్శకుడు తనవారిని ప్రేమించి పలికిన మాటను, వారిని ద్వేషించువారు ఎత్తుకొనిపోవుట సంవాదమునకు గల పెద్ద ఆపద. దీనికి భయపడి స్వపక్షవిమర్శకులు మౌనము వహించినచో సంవాదమే నశించును. ఉపాయమొక్కటే కనుపట్టుచున్నది: ఎదుటింటివాడు తన యింటిని విమర్శించుట వినినప్పుడు, మనము మన యింటి విమర్శతో బదులీయవలెను. షోయబుల్లా ఖాన్ పేరెత్తినవాడు ఏకాంతరామయ్య కథను గూర్చియు మాటాడవలెను. ఏకాంతరామయ్య కథను విమర్శించువాడు మాదర చెన్నయ్యను మరువరాదు.

ఒక ఆక్షేపణ

ఇంత నియమము పెట్టినచో సామాన్యుల సామరస్యమునకు విలువ లేదా, పీర్ల పండుగలోని స్నేహము అబద్ధమా యని ఆక్షేపింపవచ్చును. అబద్ధము కాదు. ఆచారముగ వచ్చిన స్నేహమే లేకున్నచో షోయబుల్లా ఖాన్ మాటకు నేల దొరకెడిది కాదు. బందగీ సమాధికి మ్రొక్కువారుండెడివారు కారు. అది మట్టి, సంవాదము పంట. అయితే మట్టిని చూపి పంట పండినదనుట విమర్శ కాదు. జానపదసాహిత్యపరిశోధకులు పీర్ల పాటలను సేకరించి ‘మతసామరస్యము’ అను ఒక్క శీర్షిక క్రింద చేర్చి విడుచుచున్నారు. ఆ పాట పాడినవాడు కష్టకాలమున ఎవరి పక్షమున నిలిచెను, ఎవరిని తన యింట దాచెను అని అడిగిన సిద్ధాంతవ్యాసములు అరుదు.

రెండవ లోపము మన శాఖలదే. తెలంగాణమున తెలుగు పరిశోధించువాడు ఉర్దూ లిపిని నేర్వకుండుట నేడు సామాన్యమైనది. బూర్గుల రామకృష్ణారావు, దాశరథి తరమువారికి అది సహజవిద్య. నేటి విద్యార్థి షోయబుల్లా ఖానును గూర్చి చదువును గాని, షోయబుల్లా ఖానును చదువలేడు. ‘ఇమ్రోజ్’ సంపాదకీయము ఎదుట పెట్టినను ఆతనికి అవి గీతలే. తన ప్రాంతపు చరిత్రలో సగమును ఇతరులు చెప్పినంతవరకే ఎరుగుట పరిశోధకునికి తగదు. కన్నడము రాకయే బసవపురాణమును, సంస్కృతము రాకయే భాగవతమును పరిశోధింపరాదని మనము నియమము పెట్టుచున్నాము. అదే నియమమును ఉర్దూ విషయమున గూడ పాటింపవలెనని శాఖల పెద్దలకు మనవి. ఒక సంవత్సరపు లిపిబోధనము పెద్ద వ్యయమైన పని కాదు.

ముగింపు

కాళేశ్వరాలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాలుడగు యమునిది, రెండవది ముక్తేశ్వరునిది. ముందుగా కాలుని, పిదప ముక్తేశ్వరుని అర్చించుట ఆచారము. త్రిలింగక్షేత్రములలో నొకటిగ ప్రసిద్ధిగన్న ఆ చోట ఒడ్డున నిలిచి చూచినచో ఏటి కావల మరాఠీ రాజ్యము కనుపించును. రెండు నదుల నీరు కలిసి ప్రవహించును. ఈ జంటలింగములను సర్వమతసామరస్యమునకు చిహ్నమని ప్రకటించి వ్యాసమును ముగించుట సులభము. కాని అట్లు చేసినచో, పైన సమన్వయముపై చేసిన విమర్శ నాకే తగులును. అది శైవక్షేత్రము. దానిని ఇతరమతములవారికి చిహ్నముగ నియమించు అధికారము నాకు లేదు.

ఒక్క మాట మాత్రము చెప్పవచ్చును. ఆ పీఠమున ఒకటి రెండవదానిలో లీనము కాలేదు. ఒకటి రెండవదానిని త్రోసివేయలేదు. ముందు మ్రొక్కు మృత్యుదేవతకు. తన పరిమితిని ముందు తలచుకొని, పిదప ముక్తిని గూర్చి మాటాడుమను సూచన ఆ ఆచారమున నాకు దోచుచున్నది. సోమనను చదువునపుడు ఆతని మూసిన తలుపును, పోతనను చదువునపుడు వాకిట నిలిచినవానిని, షోయబుల్లా ఖానును స్మరించునపుడు మన మౌనమును, దాశరథిని చదువునపుడు మనకు రాని లిపిని ముందు తలచుకొందము. పిదప సమన్వయమను మాటను వాడుదము. విజ్ఞులు దీనిని పరిశీలించి, దోషములున్న తెలుపుదురుగాక.